డీజిల్‌కు సాక్షినై వర్గల్ పోయివచ్చిన రోజు

దగ్గరగా జరిగి కూర్చోండి. చిక్కుడుకాయల చాట ముందర పెట్టుకుని ఈనెలు తీసుకుంటూనే వినండి. చేతులు ఖాళీగా ఉంటే చెవులు సరిగ్గా పనిచేయవని మా అవ్వ అనేది. సిద్దిపేట నుంచి వర్గల్ దాకా లారీలో పోయి వచ్చిన సంగతి చెబుతాను. రేపు మీలో ఎవరికైనా ఆ దారిన పని పడితే అక్కరకొస్తుంది. లారీలోనే పొమ్మని మాత్రం అనను. బస్సులో ఆడవాళ్లకు టికెట్ లేదు, ఆధార్ కార్డు చూపిస్తే చాలు. సీటు దొరకడం మాత్రం ఎవరి నొసటి రాత వారిది. ఫ్రీ బస్సు వదిలి నేను లారీ ఎందుకు ఎక్కానంటారా? మా ఆయన దొంగ కాదని సాక్ష్యం చెప్పడానికి.

మా ఆయన పేరు రాజయ్య. మాది మగ్గం కులం. పెళ్లయిన కొత్తలో ఆయన భీవండి పోయి నాలుగేళ్లు మర మగ్గాల మీద పనిచేశాడు. ఆ చప్పుడుకు చెవులు పోతాయని భయపడి తిరిగొచ్చి లారీ స్టీరింగు పట్టాడు. చెవులు ఎటూ పోయాయి. ఇరవై ఎనిమిదేళ్లుగా తోలుతున్నాడు. ఇప్పుడు తోలుతున్నది పటేలు గారి పన్నెండు టైర్ల లారీ. పటేలు అంటే మా లారీ ఓనరు. పొలాలున్నాయి, రెండు లారీలున్నాయి, ఎలక్షన్లప్పుడు జీపు ముందు సీటు కూడా ఉంది. ఈ లారీని ఎవరో రెండేళ్లు వాడాక కొన్నాడు. కొన్నది పాతదే అయినా చూసుకునేది మాత్రం కొత్త కోడలిలాగే. బండికి నిమ్మకాయ కట్టొద్దు, మిరపకాయ కట్టొద్దు, పాత చెప్పు వేలాడదీయొద్దు అని గట్టిగా చెప్పాడు. "మిషన్‌కు దిష్టేందిరా?" అనేవాడు. అదే మనిషి రాహుకాలంలో బండిని గేటు దాటనివ్వడు. రాహుకాలం ఆయన లెక్కల్లో ఉంది, నిమ్మకాయ లేదు.

దసరా పోయిన వారానికి ఆ బండి గర్జించడం మొదలుపెట్టింది. తాళం తిప్పిన దగ్గర్నుంచి ఆపేదాకా ఒకటే హోరు. దాంతోపాటు డీజిల్ కూడా ఎక్కువ తాగసాగింది. కంపెనీ వర్క్‌షాపు వాళ్లు ఇంజిన్ ముందరి ఫ్యానూ, దాని క్లచ్చూ మొత్తం మార్చాలన్నారు. ఆ ఖర్చు విని పటేలు, చెడింది ఫ్యాను కాదు, డ్రైవరు అన్న నిర్ణయానికి వచ్చాడు. లారీ అడ్డా మీద, హమాలీలంతా చాయ్ తాగుతుండగా అడిగాడట: "రాజయ్యా, డీజిల్ బండి తాగుతుందా, నువ్వు అమ్ముతున్నవా?"

ఇరవై ఎనిమిదేళ్లలో మా ఆయన మీద నిద్రపోతాడన్న మాట వచ్చింది, కోపిష్టి అన్న మాట వచ్చింది. దొంగ అన్న మాట రాలేదు. రెండు రోజులు అన్నం ముందర కూర్చుని లేచిపోయాడు. మూడో రోజు నేనే అడ్డాకు పోయాను.

"పటేలా, నా మొగడు డీజిల్ అమ్ముతుంటె ఎవరు చూసిన్రు?"

"చూసినోడు లేడు బాలమణీ. మరి తాగినోడెవడు?"

"బండే తాగుతుండొచ్చు గద."

"సరే, ఒక్క ట్రిప్పు చూద్దాం. ట్యాంకు నిండ పోయిస్త, మూతకు సీలేస్త. వచ్చినంక మళ్ల నిండ పోయిస్త. ఎక్కువ పట్టిందనుకో, తాళాలు బల్ల మీద పెట్టి పోవాలె. వెంట సాక్షి గూడ ఉండాలె."

సాక్షిగా ఎవరు పోతారు? ఎవరి పని వాళ్లది. పటేలు నన్ను ఎగాదిగా చూసి, "నువ్వే పో" అన్నాడు. "మొగని దిక్కు అబద్ధమాడుతవంటె ఆడుతవ్. కాని నీ కడుపుల మాట పూట గూడ ఆగదు. పొద్దు గూకేటాలకు అసలు సంగతి నువ్వే కక్కుతవ్."

అడ్డా అంతా నవ్వింది. నేను దాన్ని మర్యాదగానే తీసుకున్నాను.

సోమవారం పొద్దున్నే అయిదున్నరకు అడ్డా పక్కనే ఉన్న బంకులో ట్యాంకు నిండా పోశారు. పటేలు ఒక కాగితం ముక్క మీద సంతకం చేసి, మూత మీద టేపుతో అంటించాడు. బండికి ఏమీ కట్టొద్దన్న మనిషి తన సంతకం కట్టాడు. ఆరు గంటలకు బయలుదేరాం. ఏడున్నరకు రాహుకాలం కదా. వెనకాల మక్కజొన్నల బస్తాలు. వర్గల్ దగ్గర కోళ్ల దాణా ఫ్యాక్టరీలో దించాలి.

లారీ ఎక్కడం తెలియనివాళ్లకు ఒక మాట. ముందు కుడికాలు పెట్టాలా, ఎడమకాలు పెట్టాలా అని శకునం చూడకండి. కొంగు నడుముకు దోపి, తలుపు పక్కనున్న కడ్డీని రెండు చేతులా పట్టుకోండి. కాలి సంగతి అదే చూసుకుంటుంది. పైన కూర్చున్నాక దారి మొత్తం మీదే. బస్సుల కప్పుల మీద ఏముందో కూడా కనిపిస్తుంది.

ఇప్పుడు మీకు ఒక సంగతి చెప్పాలి. నా కడుపులో మాట ఆగదని పటేలు అన్నది నిజమే. కానీ ఒక్క మాట దసరా నుంచి ఆగి ఉంది. దసరా ముందర ఈ లారీ మా ఆయన చేతికి వచ్చినప్పుడు కొమురవెల్లి మల్లన్నకు మొక్కుకున్నాను. ఏడాది పాటు ఏ ఆపదా లేకుండా బండి నడిస్తే బోనం వండి, దేవుని ముందర రంగుల ముగ్గుతో పట్నం వేయిస్తానని. పసుపు బట్టలో కొబ్బరికాయ, పదకొండు రూపాయి బిళ్లలు పెట్టి ముడుపు కట్టాను. ముడుపు సంగతి మొక్కు తీరేదాకా నోట రాకూడదు, మొగుడికి కూడా చెప్పకూడదు. మా అత్తమ్మ నేర్పిన పద్ధతి అది. ఇంట్లో దూలానికి కట్టొచ్చు. కానీ ఆపద బండికైతే ముడుపు ఇంటికెందుకు? దసరా నాడు పొద్దున బండి కడిగించడానికి తీసుకుపోయినప్పుడు నేనూ వెంట పోయాను. కడిగేవాళ్లు క్యాబిన్‌ను ముందుకు వంచి పెట్టారు. మా ఆయన చాయ్‌కు పోయాడు. చూద్దును కదా, ఇంజిన్ ముందర అంత పెద్ద ఫ్యాను. దాని పక్క నుంచి వేలెడు మందాన నల్లటి గొట్టం ఒకటి పోతోంది. దాని మీద పసుపు రంగు చీటీ అంటించి ఏదో రాసి ఉంది. మూడో తరగతితో బడి మానిన నాకు తెలుగే కూడబలుక్కుంటే వస్తుంది. అది ఇంగ్లీషు. ఎవరో ముందే పసుపు బొట్టు పెట్టి ఉంచినట్టు అనిపించింది. ముడుపును అక్కడే ఇనుప తీగతో కట్టి మూడు మెలికలు తిప్పాను. పటేలు కళ్లబడదు, కింద పడదు. ఆ రోజంతా నాకు నేనే ఎంత తెలివైనదాన్నో అనుకున్నాను.

ఆరూ ఇరవైకి దుద్దెడ టోల్ గేటు దాటాం. డబ్బును అద్దం మీది చీటీ నుంచి గేటే తీసుకుంటుంది, మనిషిని అడగదు. బండి హోరుకు గేటులోని పిల్ల చెవులు మూసుకుంది. నేను మాత్రం లోపల మల్లన్నకు దండం పెట్టుకున్నాను. ముడుపు ఉంది కాబట్టి హోరుతో పోయింది, లేకపోతే ఏమయ్యేదోనని.

ఏడు కాకముందే కుకునూరుపల్లిలో ఆపి ఇడ్లీ తిన్నాం. ప్లేటు ముప్పై రూపాయలు, చట్నీ అడిగినంత. అల్లం చట్నీ అడగండి, పల్లీ చట్నీ పలుచన. మళ్లీ ఎక్కబోతుంటే ఒక ముసలమ్మ సీతాఫలాల గంపతో అడ్డం వచ్చింది. పేరు ఎల్లవ్వ, ఊరు ఎర్రవల్లి. బిడ్డ ఇంటికి వచ్చి తిరిగి పోతోంది.

"బస్సు నిండ మందే ఉన్నరు బిడ్డా, నా గంపను సూసి ఆపుతలేరు. ప్రజ్ఞాపూర్ దాకా ఎక్కించుకోండ్రి."

ఎవరినీ ఎక్కించొద్దని పటేలు మాట. ముసలమ్మను రోడ్డు మీద వదలొద్దని నా మాట. ఎక్కించాను. ఆమె నడుమ కూర్చుని రెండు నిమిషాలు ఓర్చుకుంది.

"ఇదేం సప్పుడు బిడ్డా? లారెక్కిన్ననా, పిండి గిర్నీల కూసున్ననా?"

"ఫ్యాను తిరుగుతుందవ్వా, గట్లనే ఉంటది" అన్నాడు మా ఆయన.

"గింత పొద్దుగాల, గింత సలిల ఫ్యానెందుకు? బంద్ చెయ్యి."

మా ఆయన తల అడ్డంగా ఊపాడు. అది ఇంట్లో ఫ్యాను కాదు, చేతితో ఆపేది కాదు అని చెప్పాడు. ముసలమ్మ ఊరుకోలేదు. "మా బాయికాడ మోటరు గిట్లనే ఒర్రుతది, నీళ్లు అందకపోతె. దీనికి గూడ ఏదో అందుతలేదు. సూసుకోండ్రి."

ప్రజ్ఞాపూర్‌లో దిగి ఇరవై రూపాయలు ఇవ్వబోయింది. వద్దంటే నాలుగు సీతాఫలాలు సీటు మీద పెట్టి, గజ్వేల్ ఆటో వైపు పోయింది. చదువుకున్న వర్క్‌షాపు వాళ్లు చెప్పని మాట ఆమె చెప్పి పోయిందని అప్పుడు మాకు తెలియలేదు.

గౌరారం దగ్గర పెద్ద రోడ్డు వదిలి వర్గల్ వైపు తిరిగాం. ఎనిమిదింబావుకు ఫ్యాక్టరీ గేటు. కాంటా వేసి బస్తాలు దించడానికి వరసలో నిలబెట్టారు. దిగి ట్యాంకు చూసుకున్నాం. మూత ఉంది. పటేలు సంతకం లేదు. టేపు ముక్క ఒకటి గాలికి ఊగుతోంది. పొద్దుటి మంచుకు తడిసి, దారి గాలికి ఎగిరిపోయింది.

మా ఆయన క్యాబిన్ మెట్టు మీద కూలబడ్డాడు. "అయిపోయింది. ఇగ నేనే చింపిన అంటడు."

"నేను సూస్తనే ఉన్న గద, ఎవడు ముట్టిండు?"

"నువ్వు నా పెండ్లానివే. నీ సాక్ష్యం ఎవడింటడు?"

ఆ మాట నిజమే. కాగితం ఉన్నంతసేపు నేను తోడు. కాగితం పోయాక నేనే సాక్ష్యం.

దింపేసరికి పన్నెండవుతుందన్నారు. తొమ్మిదిన్నరకు ఆటో పట్టుకుని గుట్ట మీది సరస్వతమ్మ గుడికి పోయాను. మనిషికి ఇరవై. పోయేవాళ్లు తొందరగా పోండి, పది దాటితే పిల్లల అక్షరాభ్యాసాల వరస బయటిదాకా వస్తుంది. తల్లుల ఒళ్లో పిల్లలు పలకలు పట్టుకుని ఉన్నారు. ఒకడు రాయనని ఏడుస్తుంటే వాడి తల్లి వేలు పట్టి బియ్యంలో గీయిస్తోంది. ఆ రాసిందేదో వాడికి తెలియదు, ఆమె మాత్రం మురిసిపోతోంది. నేను అమ్మవారి ముందు నిలబడి చదువు అడగలేదు. ఈ వయసులో అడిగితే ఆమెకే నవ్వొస్తుంది. "డీజిల్ ఎవరు తాగుతున్నారో చూపించు తల్లీ" అని అడిగాను. సరస్వతిని ఎవరూ అడగని కోరిక అది. కానీ ఆమె విన్నది. ఆడవాళ్ల కోరికలు దేవుళ్లు వింటారు, కాకపోతే తీర్చేటప్పుడు మన మీదికే తెస్తారు.

అక్కడే అన్నదానంలో పప్పు, చారు తిని, మా ఆయనకు పులిహోర పొట్లం కట్టించుకుని ఫ్యాక్టరీకి వచ్చాను. ఒంటిగంటకు ఖాళీ బండితో కదిలాం. నేరుగా ఇంటికి పోతే తాళాలు ఇచ్చేయడమే. మా ఆయన గజ్వేల్ వైపు తిప్పాడు. అక్కడ యాకూబ్ అని ఒక మిస్త్రీ ఉన్నాడు. మా ఆయనకు పాత దోస్తు. బోర్డు లేదు, రేకుల షెడ్డు ఉంది. చెవి పెట్టి వింటే ఇంజిన్‌కు ఏ జబ్బో చెబుతాడని పేరు. మేము పోయేసరికి రెండయింది. ఆయన బండి దగ్గరికి రాకముందే చెయ్యెత్తి, "బంద్ చెయ్యి, బంద్ చెయ్యి. రాజన్నా, ఇది బండి కాదు, విమానం" అన్నాడు.

ఇంజిన్ చల్లారాలన్నాడు. గంటసేపు సీతాఫలాలు తింటూ కూర్చున్నాం. మూడు దాటాక ఇంజిన్ మీద చెయ్యి వేసి చూసి, తాళం తిప్పమన్నాడు. తిప్పగానే మళ్లీ అదే హోరు.

"చల్లగున్న ఇంజిన్‌కు గింత గాలెందుకు?" అన్నాడు.

పొద్దున ఎల్లవ్వ అడిగిందీ అదే. ఏసీ బంద్ చేయించాడు. హోరు తగ్గలేదు. క్యాబిన్‌లోకి ఎక్కి ముందరి మీటర్లు చూశాడు. చూసి, వేలు ఒకచోట పెట్టి ఆగాడు.

"రాజన్నా, ఇక్కడ ఈ బొట్టెందుకు?"

నేనూ తొంగి చూశాను. మీటర్ల మధ్య నా స్టిక్కర్ బొట్టు. ఎర్రది, పెద్ద సైజుది. ఇంట్లో అద్దం మీంచి మాయమైందని నేను వారం రోజులు వెతుక్కున్నది. యాకూబ్ దాన్ని గోటితో లేపితే కింద పసుపు దీపం వెలుగుతోంది.

"రాత్రిళ్లు కండ్లల్ల గుచ్చుతుంది భాయ్. పటేలుకు చెప్తె, బండి నడుస్తుంది గద అన్నడు. అందుకే అంటించిన" అన్నాడు మా ఆయన, నా వైపు చూడకుండా.

"నొప్పి అని బండి మొత్తుకుంటుంటె నోరు మూసినవ్" అన్నాడు యాకూబ్. చిన్న మిషన్ ఒకటి తెచ్చి స్టీరింగు కింద తగిలించాడు. దాని మీద అక్షరాలు పడ్డాయి. "ఫ్యాను మంచిగనే ఉంది. క్లచ్ మంచిగనే ఉన్నట్టుంది. తీగల నుంచి ఖబరు పోతలేదు అంటుంది."

నాకు అర్థం కాలేదు. అడిగాను. ఆయన చేతులు తుడుచుకుని ఓపికగా చెప్పాడు.

"అమ్మా, ఈ ఫ్యాను ఇంజిన్‌తోనే తిరుగుతది. నడుమల ఒక డబ్బ ఉంటది, అదే క్లచ్. ఇంజిన్ వేడైతె అది ఫ్యాన్‌ను గట్టిగ పట్టుకుంటది, చల్లగుంటె వదులుతది. పట్టుకో, వదులు అని తీగల నుంచి ఖబరొస్తది. ఖబరు రాలేదనుకో, వదులుమన్నోడు లేడు గద. ఇంజిన్ కాలుతదేమోనన్నట్టు ఇగ ఫుల్లుగ తిప్పుతనే ఉంటది. మొగనికి ఫోన్ కలువకపోతె ఇంట్ల ఆడమనిషి వాకిట్లకు ఇంట్లకు తిరిగినట్టు. గంత పెద్ద ఫ్యాను రాత్రింబగలు తిరుగుతె ఊకె తిరుగుతదా? డీజిల్ తాగే తిరుగుతది."

మా ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. "అంటె నేను..."

"నువ్వు కాదు, ఫ్యాను. ఇగ తీగ ఎక్కడ తెగిందో చూద్దాం."

క్యాబిన్ వంచారు. ఆ వంచడం చూడగానే నాకు దసరా నాటి పొద్దున గుర్తొచ్చింది. యాకూబ్ టార్చి పట్టుకుని ఫ్యాను పక్క నుంచి వెలుగు నడిపించాడు. వెలుగు ఒకచోట ఆగింది.

"రాజన్నా, ఇది కంపెనీ వస్తువేనా?"

నల్లగా, జిడ్డుగా, దుమ్ము పట్టి, తాటికాయంత మూట. కుదుపు కుదుపుకూ ఊగి ఊగి, నల్ల గొట్టాన్ని కిందికి లాగి చీల్చింది. చీలికలోంచి సన్నటి తీగ ఒకటి తెగి పైకి లేచి ఉంది. మా ఆయన బుర్ర గోక్కున్నాడు. నేను మాట్లాడలేదు. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి అంతసేపు మాట్లాడకుండా ఉండటం అదే మొదలు. ఆ మౌనం చూసే మా ఆయన నా వైపు తిరిగాడు.

"ఏమే?"

"ముడుపు" అన్నాను.

యాకూబ్ పట్టకారు వెనక్కి తీసుకున్నాడు. "అమ్మా, దేవుని వస్తువు నేను ముట్టుకోను. మీరే తియ్యాలె." మా ఆయన చెయ్యి పట్టుకుని బంపరెక్కాను. మూడు మెలికలు తిప్పిన చేతులతోనే మూడు మెలికలు విప్పాను. కట్టినప్పటికంటే విప్పడానికే ఎక్కువసేపు పట్టింది. తీగ మెలికలే విప్పాను, ముడుపు ముడి మాత్రం విప్పలేదు. లోపల ఎండిన కొబ్బరికాయ గుడగుడమంది.

ఆ పసుపు చీటీ తుడిచి ఏం రాసిందో చదవమన్నాను. యాకూబ్ చదివాడు, చదివి నవ్వు ఆపుకున్నాడు. "దీన్ని గుంజొద్దు, దీనికి ఏదీ కట్టొద్దు అని రాసిన్రమ్మా."

పొద్దున సరస్వతమ్మ దగ్గర చదువు అడగకపోవడం పొరపాటే అనుకున్నాను.

తెగిన తీగను అతికి, పైన తొడుగు వేసి, ప్లగ్గు గట్టిగా నొక్కేసరికి నాలుగున్నర. తాళం తిప్పితే, ఏమని చెప్పను, ఇంజిన్ మామూలు చప్పుడు నాకు నిశ్శబ్దంలా వినిపించింది. పక్క షెడ్డులో రేడియో పాట వినబడింది. కాసేపు వేడెక్కనిచ్చాడు. ఫ్యాను ఒకసారి గుప్పున లేచి, పని చూసుకుని, మళ్లీ నెమ్మదించింది. యాకూబ్ మూడు వందలు తీసుకుని, బయలుదేరేముందు ఒక మాట చెవిన వేశాడు.

"పటేలుకు ఎలుక కొరికిందని చెప్పండ్రి. ఎలుక మీద ఎవ్వరు కోపం చెయ్యరు."

మాట బాగుంది. దారి పొడుగునా ఎలుకను తయారుచేసుకున్నాం. ప్రజ్ఞాపూర్ దాటేసరికి అది చిట్టెలుక. కుకునూరుపల్లికి పందికొక్కు. దుద్దెడ టోల్ గేటు దగ్గర మా ఆయన దానికి తోక కొలత కూడా చెప్పాడు. ముడుపు నా కొంగులో ఉంది. బండికి ఏమీ కట్టొద్దన్న పటేలు మాట దాటినందుకు కూడా తాళాలు పోవచ్చు. అందుకని ఎలుకే మేలు అనుకున్నాం.

ఆరు గంటలకు, దీపాలు పెట్టే వేళకు, అడ్డా చేరాం. హమాలీలు చాయ్ తాగుతున్నారు. పటేలు బంకులో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు, ముందర బల్ల. ట్యాంకు నింపారు. ఆయన అనుకున్నదానికంటే బకెట్టెడు ఎక్కువ పట్టింది. గజ్వేల్ చేరేదాకా హోరుతోనే నడిచింది కదా మరి.

"సీలేది?"

"గాలికి ఎగిరిపోయింది పటేలా" అన్నాడు మా ఆయన.

"ఎగిరిపోయింది" అని పటేలు హమాలీల వైపు చూశాడు. వాళ్లు నవ్వారు.

"ఎలుక పటేలా. ఫ్యాను తీగ ఎలుక కొరికింది. మిస్త్రీ చూసిండు."

"మొన్న బండి తాగిందంటిరి, ఇయ్యాల ఎలుక తాగిందంటవ్. రేపు పిల్లి తాగిందంటవా? ఇగ చాలు. తాళాలు బల్ల మీద పెట్టు."

మా ఆయన నోట ఎలుక సగంలోనే ఆగిపోయింది. జేబులో చెయ్యి పెట్టాడు. తాళాల చప్పుడు వినిపించింది. ఆ చప్పుడు వినేదాకా మల్లన్నకు భయపడ్డాను. విన్నాక ఇక ఎవరికీ భయపడలేదు.

"ఆ ఎలుకను నేనే పటేలా" అన్నాను.

కొంగు విప్పి ముడుపును బల్ల మీద పెట్టాను. ఎప్పుడు కట్టానో, ఎక్కడ కట్టానో, పసుపు చీటీ మీద ఏముందో, తీగ ఎట్లా తెగిందో, క్లచ్ డబ్బా ఎందుకు భయపడిందో, ఒక్క ముక్క వదలకుండా చెప్పాను. హమాలీలు గ్లాసులు పట్టుకుని దగ్గరికి వచ్చారు. తన మీద తానే నేరం మోపుకునేంత అబద్ధం ఎవరూ ఆడరని అందరికీ తెలుసు. పటేలుకు ఇంకా బాగా తెలుసు.

ఆయన చాలాసేపు ముడుపునే చూశాడు. తర్వాత బల్ల కిందనే చెప్పులు విడిచాడు. నిమ్మకాయను నమ్మని మనిషి, ఎవరూ చూడట్లేదనుకుని, వాటిని కాలితో మెల్లగా పక్కకు తోశాడు.

"ఏ దేవునిది?"

"కొమురెల్లి మల్లన్నది."

"దసరా సంది దాచినవా? నువ్వా?" బండి సంగతి కంటే అదే ఆయనకు నమ్మకం కలగడం లేదు.

"దాచిన. తప్పే. బండి నుంచి తీసేసిన. కాని పటేలా, నా మొగన్ని దొంగ అన్నది నలుగుర్ల అన్నరు. కాదన్న మాట గూడ నలుగుర్లనే అనాలె."

పటేలు లేచి నిలబడ్డాడు. తప్పు ఒప్పుకోవడం ఆయన వంశంలో లేదు, ముఖం చూస్తేనే తెలుస్తోంది. చివరికి హమాలీల వైపు తిరిగి గట్టిగా అన్నాడు:

"ఇనుండ్రిరా! దొంగ రాజయ్య కాదు. దొంగ ఈయన పెండ్లాం. నా బండిల నాకు తెల్వకుంట దేవున్ని దాచింది!"

అందరూ గొల్లున నవ్వారు. మా ఆయన కూడా నవ్వాడు. ఇన్ని రోజుల తర్వాత అదే మొదటి నవ్వు. పటేలు ముడుపును రెండు చేతులతో ఎత్తి కళ్లకద్దుకున్నాడు. "ఏడాది నిండేదాక మా దేవునర్రల ఉంటది. నిండినంక కొమురెల్లికి నేను గూడ వస్త, బండి నాది గద. తాళాలు జేబులనే ఉండనీ రాజయ్యా, పొద్దుగాల లోడుంది. ఏడున్నర లోపల్నే గేటు దాటాలె."

రేపు మంగళవారం, రాహుకాలం మధ్యాహ్నం మూడింటికి అని నాకు తెలుసు. ఆ మాట మాత్రం దాచుకున్నాను. ఒక రోజుకు ఒకటి చెబితే చాలు.

అడ్డా నుంచి ఇంటికి ఆటో అరవై అడిగాడు, యాభైకి వచ్చాడు. పన్నెండు టైర్ల తర్వాత మూడు టైర్లు. ఎంతో కిందికి దిగినట్టు ఉంది గానీ, చప్పుడు లేదు. సగం దారిలో మా ఆయన అన్నాడు: "నా కోసం మొక్కుకున్నవ్. నాకన్న చెప్పొద్దా?"

"చెప్తె ముడుపు చస్తది."

"చెప్పకుంటె నేను చస్తుంటి."

కాసేపటికి ఆయన అంగీ జేబులోంచి ఏదో తీసి నా అరచేతిలో పెట్టాడు. నా స్టిక్కర్ బొట్టు. జిగురు పోయింది, దుమ్ము అంటింది. ఆయన దీపం దాచాడు, నేను దేవుణ్ణి దాచాను. నడుమన బండి ఒక్కటే ఏదీ దాచుకోకుండా నెల రోజులు మొత్తుకుంది. నూరు కిలోమీటర్లకు పైగా తిరిగి నేను చూసి వచ్చింది ఇంతే.

చిక్కుడుకాయలు అయిపోయినట్టున్నాయి, లేవండి. మీ ఇంట్లో ఒకరి ఖబరు ఒకరికి తెగకుండా అందాలి. మీ పొయ్యి వేడిగా, మీ తలలు చల్లగా ఉండాలి. మీ ఇంట్లో చప్పుడంటూ ఉంటే అది పిల్లల నవ్వే కావాలి. సల్లగుండండి.